కొండకి వెనక్కి ఎక్కించిన మేస్త్రీ

ఆ ఉదయం సింహాచలం కొండ మీదికి ఒక కారు వెనక్కి ఎక్కింది. అందులో వెనక సీట్లో కూర్చున్నది నేను కాబట్టి, కారులో ఉన్న ఇద్దరిలో అప్పన్న సన్నిధికి ముందుగా చేరింది నేనే. స్టీరింగు పట్టుకున్న సూరిబాబు గారు మెడను తిరిగినంత మేర వెనక్కి తిప్పి, నా భుజం పక్కగా వెనకద్దంలోంచి రోడ్డు చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. స్వామి నామమో, మేస్త్రీ మీద తిట్లో తెలియలేదు. రెండూ కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

మేస్త్రీ కారుకు వెనక నడుస్తున్నాడు. కొండ లెక్కలో అది ముందు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఎడమకు ఊపితే బండి తోక ఎడమకు తిరగాలి, కుడికి ఊపితే కుడికి. మమ్మల్ని చూస్తూ నడవాలి కనుక ఆయనా వెనక్కే నడుస్తున్నాడు.

పొద్దున్నే కావడంతో రద్దీ లేదు. కింద నుంచి వచ్చిన ఆటో ఒకటి మమ్మల్ని దాటలేక, దాటాలని కూడా లేక, మా కారు ముక్కుకు ఎదురుగా మెల్లగా ఎక్కుతూ వచ్చింది. అందులోని ఆడవాళ్ళు మోకాళ్ళ మీద మెట్లెక్కే భక్తులను చూసి ఉంటారు, పొర్లుదండాలు చూసి ఉంటారు. ఇలాంటిది చూసి ఉండరు. ఒకావిడ ఫోను తీసి వీడియో పట్టింది. ఇంకొకావిడ తల బయట పెట్టి, కారు మీదుగా కేకేసి అడిగింది.

"ఏటి మొక్కు బాబూ ఇది?"

"ఇంజిను మొక్కమ్మా," అన్నాడు మేస్త్రీ, తువ్వాలు ఊపడం ఆపకుండా. "దాని తాతలెవులో మొక్కీసి మర్సిపోనారు. ఇప్పుడు తీర్సేత్తన్నాం."

ఆవిడ కారుకు దణ్ణం పెట్టింది.

ఆ మేస్త్రీ ఈ ఎండాకాలంలో పోయాడు. కంచరపాలెంలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. చర్చిలో ఫాదరు కూడా మేస్త్రీ అనేవారు. పేరుతో పత్రికలో రాస్తానని నేనొకసారి అంటే, తన పేరు మంచి చొక్కా లాంటిదనీ, ఆదివారం తప్ప బయటికి తియ్యననీ, మిగతా రోజుల్లో తీస్తే నూనె అంటుకుంటుందనీ చెప్పాడు. అందుకని ఇక్కడా తియ్యడం లేదు.

నేను పత్రికలో పనిచేసే రోజుల్లో మా ఆఫీసు జీపు రోడ్డు మీద కన్నా ఆయన షెడ్డులోనే ఎక్కువగా ఉండేది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి అలవాటు పడ్డాను. షెడ్డు రైలు పట్టాల పక్కనే. గూడ్సు వెళ్తున్నంతసేపూ నేల వణికేది. ఆ వణుకులో కొలతలు తప్పుతాయని ఆయన పాన కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆఖరి పెట్టె దాటిపోయేదాకా నిలబడేవాడు. పోర్టుకు ఇనుప ఖనిజం తెచ్చేవి, పోర్టు నుంచి బొగ్గు మోసుకుపోయేవి, గూడ్సులు అక్కడ తక్కువేం కాదు. ఆయన పని ఎందుకంత ఆలస్యమయ్యేదో తెలియని కస్టమర్లు రైల్వేవాళ్ళను తిట్టుకోవాల్సింది, ఆయన్ను తిట్టుకునేవాళ్ళు.

చొక్కా జేబులో జపమాల, ఫీలర్ గేజీ కలిసి ఉండేవి. ఫీలర్ గేజీ అంటే ఇనుముకూ ఇనుముకూ మధ్య సందు కొలిచే పలచని ఉక్కు రేకుల కట్ట. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో అందరూ జపమాలలు తీసినప్పుడు ఆయన వేళ్ళ మధ్య ఉక్కు రేకులు విచ్చుకున్నాయని భార్య మేరమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. సగం ప్రార్థన దాని మీదే నడిపేశాడట.

నాతో ఆయనకు ఒకటే పని, పాత పేపర్లు. ఇంజిన్లోంచి తీసిన నూనె చుక్కను పేపరు అంచున, అచ్చు లేని తెల్లచోట వేసేవాడు. అది పీల్చుకుని వలయంలా పరుచుకుంటే వెలుతురుకు ఎత్తిపట్టి చదివేవాడు. నడుమ నలుపెంత, చుట్టూ పసుపెంత, లోపల మెరిసే రవ్వలేమైనా ఉన్నాయా అని. రవ్వ మెరిస్తే ఎక్కడో బేరింగు అరుగుతోందన్నమాట. "మీ పేపరు నాను రోజూ సదువుతాను సార్," అన్నాడు ఒకసారి నాతో. "అచ్చేసిన కాడ కాదు. మీరు ఒగ్గీసిన కాడ." నేను చాలామంది పాఠకుల అభిప్రాయాలు విన్నాను. అంత మర్యాదగా చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంకో మాట ఉండేది ఆయనకు. పని పూర్తయిందని ఎప్పుడూ అనేవాడు కాదు. కొత్త బేరింగు వేసిన ఇంజిను తనలో తాను సర్దుకోవడానికి కొంతకాలం పడుతుంది. ఆ సర్దుకోవడాన్ని ఆయన కూర్చోవడం అనేవాడు. బండి ఎలా ఉందంటే "ఇంకా కూకోలేదు" అనేవాడు. మేరమ్మ కొత్త కుక్కరు ఎలా ఉందంటే అదే మాట. పెద్దల్లుడి ఉద్యోగం, కొత్తగా వచ్చిన ఫాదరు ప్రసంగాలు, మోకాలి నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు, ఏవీ కూర్చోలేదు. "కూకుంది" అన్న మాట ఆయన నోట నేను విన్నది అరుదు. అది విన్న కస్టమరు స్వీట్లు పంచేవాడు.

మేస్త్రీ పోర్టులో టగ్గు మీద ఇంజిను రూములో పనిచేసి దిగినవాడు. టగ్గు అంటే పెద్ద ఓడలను తాడు కట్టి చానల్లోంచి లోపలికి లాక్కొచ్చే చిన్న మొండి పడవ. దిగాక షెడ్డు పెట్టి అన్ని బండ్లూ చూసేవాడు కానీ, మనసు మాత్రం ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడే పాత పెట్రోలు ఇంజిన్ల మీద. బడి బెంచీలా పొడుగ్గా ఉంటాయి. ఇప్పుడెవరూ చెయ్యరు. ఆ ఆరింటినీ ఆయన బంతి భోజనానికి కూర్చున్న ఆరుగురిగా చూసేవాడు. వడ్డించేవాడు మొదటి విస్తరి దగ్గర ఉదారంగా ఉంటాడు, చివరి విస్తరికి వచ్చేసరికి బకెట్లో గరిటె చప్పుడు తప్ప మరేం ఉండదు. నూనె సంగతీ అంతేనట. చర్చి పండగ భోజనాల్లో ఆయన సాంబారు బకెట్టు పట్టుకుంటే ఎప్పుడూ చివరి వరస చివరి మనిషి దగ్గర మొదలుపెట్టేవాడు. ఆరో నెంబరు ముందు తినాలని. ఫాదరు మొదటి వరసలో కూర్చుని చాలాసేపు ఎదురుచూసేవారు.

ఇక కారు సంగతి.

సూరిబాబు గారిది తూర్పు గోదావరి. స్టీలు ప్లాంటు రోలింగు మిల్లులో పనిచేసి, రిటైరై, మధురవాడలో మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ షిఫ్టు డ్యూటీలు. ఆయన ఇంటికొచ్చేసరికి భార్య మాణిక్యం గారు నిద్రలో ఉండేవారు, ఆవిడ లేచేసరికి ఆయన నిద్రలో. ఆ బాకీ తీర్చుకోవాలని ఆయన ఒక పాత అమెరికా కారు కొన్నారు. ఏదో ఎస్టేటు వారసులు వదిలించుకున్నది. లేత ఆకుపచ్చ రంగు, ముందు ఒకే పొడుగాటి సీటు, పక్కపక్కన కూర్చోవడానికి. రోజూ సాయంత్రం ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం వెంట భీమిలి దాకా వెళ్ళిరావాలి. రిటైర్మెంటు మీద ఆయనకున్న ఆశ అదొక్కటే. నాకు చాలాసార్లు చెప్పారు.

ముందు అప్పన్న దగ్గర పూజ. బంతిపూల దండ వేసి, పట్టుచీరతో మాణిక్యం గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరారు. ఘాట్ రోడ్డు సగంలో, ఒక మలుపు దగ్గర, ఇంజిన్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడైంది. బండి ఆగిపోయింది. ఇలాంటప్పుడు కిందికి దింపి తొలి పావంచా దగ్గరే, అంటే కొండ కింది మొదటి మెట్టు దగ్గరే, కొబ్బరికాయ కొట్టించుకుంటారని ఎవరో సలహా ఇచ్చారు. మాణిక్యం గారు వినలేదు. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మిగతా కొండ నడిచి ఎక్కారు. దర్శనం చేసుకుని బస్సులో దిగి ఇంటికొచ్చి తీర్పు చెప్పారు. స్వామి రానివ్వని బండిలో తాను కూర్చోరు. అది తనంత తాను పైకి వెళ్ళాలి, పూజ జరగాలి, ఆ తర్వాతే. లారీ మీద ఎక్కించి తీసుకెళ్తే చెల్లదు. సూరిబాబు గారు ఒప్పుకున్నారు. ఒప్పుకోక చేసేదేముంది.

బండిని కంచరపాలెం చేర్చింది నేనే. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజిను మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, పిస్టన్లన్నీ కలిసి తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, చేత్తో తిప్పించాడు. మధ్యలో గూడ్సు వచ్చింది. అందరం ఆగాం. అది వెళ్ళిపోయాక ఆయన చెవిలోంచి పిడి తీసి, సూరిబాబు గారి వైపు చూసి, "మొదటోడు పోనాడు బావ," అన్నాడు.

సూరిబాబు గారు మొదట బాధపడింది పోయిన సిలిండరు గురించి కాదు. నన్ను పక్కకు పిలిచి, "బావేంటండీ? నేనీయన్ను ఇప్పుడే కదండీ చూడ్డం," అన్నారు. ఇక్కడ అందరినీ అలాగే అంటారని సర్దిచెప్పాను. ఆయన మాత్రం కడదాకా మేస్త్రీగారూ, మీరూ అనే అన్నారు. మేస్త్రీ కడదాకా బావ అనే అన్నాడు.

లోపం ఇదీ. ఆ కాలపు ఇంజిన్లో ప్రతి పిస్టను రాడ్డు అడుగునా చిన్న గరిటె లాంటిది ఉంటుంది. రాడ్డు తిరిగినప్పుడల్లా గరిటె కింద తొట్టెలోని నూనెను తోడి మీదికి చిమ్ముకుంటుంది. ఎవరి గరిటె వాళ్ళది. నేల చదునుగా ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. కారు ముక్కు పైకెత్తి కొండ ఎక్కితే నూనె వెనక్కి జారిపోతుంది, మొదటి గరిటె గాలి తోడుకుంటుంది. బేరింగు కాలిపోతుంది. దీన్ని బాగుచేసినా మళ్ళీ కొండెక్కితే మళ్ళీ ఇంతే. వేరే క్రాంక్‌షాఫ్ట్ వెయ్యాలి అన్నాడు మేస్త్రీ. ఆ ఇంజిను వంశంలోనే తర్వాత పుట్టిన వాటికి క్రాంకు లోపల సన్నని దారులు తొలిచి ఉంటాయి. పంపు నూనెను ఆ దారుల వెంట ప్రతి కీలు దగ్గరికీ తోస్తుంది. గరిటెలు పీకెయ్యవచ్చు. ప్రతి విస్తరికీ ఒక మనిషి నిలబడి వడ్డించినట్టు.

అలాంటి క్రాంకు ఎక్కడుందో ఆయనకు గుర్తుంది. ఫిషింగ్ హార్బరు దగ్గర మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో, జనరేటరు తిప్పడానికి పెట్టిన ఇంజిను. టగ్గు మీద నుంచి దాని చప్పుడు వినేవాడట. వెళ్ళి చూస్తే సిమెంటు దిమ్మ మీద, పెట్టిన చోటే, తుప్పు పట్టి కూర్చుని ఉంది. క్రాంకు, పంపు, అడుగున నూనె నిలిచే రేకు తొట్టె, అంటే ఛాంబర్, మొత్తం సెట్టు విప్పి తెచ్చాడు.

ఆ తర్వాతి నెలలు నాకు చాలా ఇష్టమైనవి. కారు ఇంజిను దిమ్మకు ఆ క్రాంకు సులువుగా పట్టలేదు. అది ఆని తిరగడానికి కొత్త పీటలు తొలిపించాలి, సరిచూడాలి, మళ్ళీ విప్పాలి. సూరిబాబు గారు రోజూ టిఫిను క్యారియరుతో వచ్చి రేకు డబ్బా మీద కూర్చునేవారు. నూనె గురించి ఆయనకూ తెలుసు. రోలింగు మిల్లులో గ్రీజు, నూనె గొట్టాల మీదే బతికారు. మా మిల్లులో పంపు ఇలా ఉండేదండీ అని ఆయన మొదలుపెట్టేవారు. మీ మిల్లు అలల మీద ఊగుతాదేటి అని ఈయన అడిగేవాడు. ఊగే చోట పనిచేసినవాడికే నూనె విలువ తెలుస్తుందని మేస్త్రీ వాదన. ఎర్రగా కాలిన ఉక్కు పక్కన పనిచేసినవాడికి తెలుస్తుందని సూరిబాబు గారి వాదన. మేరమ్మ మధ్యాహ్నం చేపల పులుసు పంపేది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారం మేస్త్రీ తినడు, శనివారం సూరిబాబు గారు తినరు. వాళ్ళిద్దరి దేవుళ్ళూ మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకుంటే తనకు ఒక పొయ్యి కలిసొచ్చేదని ఆవిడ అనేది.

ఇంజిను బిగించాక వెంటనే స్టార్టు చెయ్యలేదు. టగ్గు మీది పద్ధతి ఒకటుంది. ముందు చేతి పంపుతో నూనె ఎక్కించి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతూ, ప్రతి కీలు దగ్గరా నూనె ఊరేదాకా చూడాలి. అప్పటిదాకా షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. ఆరో కీలు దగ్గర నూనె మెరిసింది. అప్పుడు "ఇక నిప్పు పెట్టు," అన్నాడు. ఆ ఇంజిను పలికిన తీరు నేను రాయలేను. కుట్టుమిషను పక్క గదిలో నడుస్తున్నట్టుంది.

ఇంకా పూజ కాలేదు కదా, తిప్పకూడదేమో అని సూరిబాబు గారికి సందేహం. ఇది తిప్పడం కాదు, ఇంజినుకు నడక నేర్పడం అని మేస్త్రీ తీర్పు చెప్పాడు. బీచి రోడ్డు మీద వారాల తరబడి నడక నేర్పాడు. నూనె ఒత్తిడి చూపించే మీటరు ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. ఫ్లైఓవర్లు ఎక్కించాడు, దింపాడు. పేపరు అంచున చుక్క వేసి ఎండకు ఎత్తిపట్టాడు. రవ్వ లేదు.

"కూకుంది," అన్నాడు.

సూరిబాబు గారు మా వీధంతా పూతరేకులు పంచారు. మాణిక్యం గారు మాత్రం ఒకటి తీసుకుని, పూజయ్యాక తింటానని డబ్బాలో దాచారు.

మర్నాడు ఉదయం ముగ్గురం బయల్దేరాం. ముందు సీట్లో సూరిబాబు గారి పక్కన మేస్త్రీ, వెనక నేను. సరిగ్గా పాత మలుపు దగ్గరికి వచ్చేసరికి మీటరు ముల్లు వణికింది. ఇంకాస్త ఎక్కగానే కిందికి వాలిపోయింది. మేస్త్రీ చెయ్యి చాపి తాళం కట్టేశాడు. "కూకుంది" అన్న మనిషి ఆయన. పక్కనే, మొదటిసారి దండ వేసిన బండితో ఆగిన చోటే మళ్ళీ ఆగిన మనిషి సూరిబాబు గారు. స్టీరింగు పైనున్న చిన్న అద్దంలో నాకు ఆయన కళ్ళు కనిపించాయి. ఆయన కొండను కాదు, మాణిక్యం గారు కూర్చోవాల్సిన పక్క సీటును చూస్తున్నారు.

మేస్త్రీ దిగాడు. బానెట్టు ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. రోడ్డు పైకి చూశాడు, కిందికి చూశాడు, అరచెయ్యి వాల్చి కొండ వాలు పట్టి చూసుకున్నాడు. తర్వాత రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. సూరిబాబు గారికి ఒళ్ళు మండింది.

"నవ్వుతారేంటండీ మేస్త్రీగారూ?"

"ఓడ ఒరుగుతాది బావ, మల్లీ తిరిగొచ్చేత్తాది. కొండ తిరిగి రాదు."

అంతే జరిగింది. ఆ ఛాంబర్‌లో నూనె పీల్చే గొట్టం ముందు కొసన ఉంది. సిమెంటు దిమ్మ మీద కదలకుండా ఉన్న ఇంజినుకు అది ఎక్కడున్నా ఒకటే. టగ్గు అల మీద వాలినా క్షణంలో లేస్తుంది, నూనె తిరిగి గొట్టం దగ్గరికి వస్తుంది. ఫ్లైఓవరు ఎక్కినంతసేపట్లో దిగిపోతుంది. ఘాట్ రోడ్డు అలా కాదు. ఎక్కినంతసేపూ ముక్కు పైకే. నూనంతా వెనక్కి చేరి ఉండిపోతుంది, ముందున్న గొట్టం గాలి పీలుస్తుంది. టగ్గు మనిషికి అది తట్టలేదు. రోలింగు మిల్లు నేల అద్దంలా చదును కనుక సూరిబాబు గారికీ తట్టలేదు. నెలల తరబడి నూనె గురించి పోట్లాడుకున్న ఇద్దరికీ కొండ గుర్తు రాలేదు. పత్రికవాడికి తట్టలేదంటే అది వేరే సంగతి.

కిందికి దించి గొట్టం మార్చాలంటే మళ్ళీ నెలలు. సూరిబాబు గారు తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు మేస్త్రీ లేచి, తువ్వాలు దులిపి, మెల్లగా అన్నాడు.

"బండి తిప్పు బావ. ముక్కు కిందకెట్టు. ఎనక్కి ఎక్కుదుం."

ముక్కు కిందికుంటే నూనె ముందుకు జారుతుంది, గొట్టం ఉన్న చోటికి. వెనక్కి ఎక్కితే ఇంజినుకు ఏ లోటూ లేదు. సూరిబాబు గారు, నలుగురూ చూస్తారండీ అన్నారు. టగ్గు పొద్దస్తమానం వెనక్కే నడుస్తుందనీ, వెనక పెద్ద ఓడ వస్తున్నప్పుడు టగ్గు మొహం ఎటుందో ఎవరూ చూడరనీ మేస్త్రీ చెప్పాడు. తప్పూ టగ్గుదే, దిద్దుబాటూ టగ్గుదేనా అని ఈయన గొణిగారు. గొణుగుతూనే తిప్పారు. ముల్లు లేచి నిలబడింది.

ఆ తర్వాతిది మొదట్లోనే చెప్పాను.

పైన పూజారి గారు వాహన పూజలు చాలా చేసిన మనిషి. బండి ఎటు నుంచి వచ్చిందని అడగలేదు. బానెట్టు మీద పసుపు కుంకుమలు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రీ కాస్త ఎడంగా నిలబడి సిలువ గుర్తు వేసుకున్నాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు బాగుందన్నాడు. దిగేటప్పుడు ఎలాగూ ముక్కు కిందికే కనుక దర్జాగా ముందుకే దిగాం. సూరిబాబు గారు దారంతా పాటలు పాడారు.

మాకన్నా ముందు ఆటోలో ఆవిడ వీడియో మధురవాడ చేరింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగి, మాణిక్యం గారి ఫోనులోకి వచ్చి కూర్చుంది. ఆవిడ హారతి పళ్ళెంతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు కానీ వెలిగించలేదు.

"వెనక భాగం వెళ్ళిందండీ, కాదనను," అన్నారు. "ముందు భాగం స్వామి దాకా వెళ్ళినట్టు నాకు కనబడలేదు."

సూరిబాబు గారు వాదించారు. తనంత తాను ఎక్కాలన్నావు, ఎక్కింది, ఏ వైపుగా అని చెప్పలేదుగా అన్నారు. పూజారి గారికి లేని అభ్యంతరం నీకెందుకన్నారు. చివరికి మేస్త్రీని అడగమన్నారు. ఆవిడ మేస్త్రీని ఒకటే అడిగారు. చర్చిలోకి మీరు వెనక్కి నడిచి వెళ్తారా అని. మేస్త్రీ జేబు తడుముకున్నాడు, జపమాల బదులు ఫీలర్ గేజీ చేతికొచ్చింది, మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు.

"అమ్మ సెప్పింది నాయమే బావ," అన్నాడు.

ఆవిడ కఠినురాలు కాదు. సగం పూజకు సగం ఫలం ఇచ్చారు. ఆ సాయంత్రం పూతరేకు సగం తిని, హారతి ఇచ్చి, కారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. కొండ చేరింది ఆ భాగమే కాబట్టి. అలా భీమిలి వెళ్ళొచ్చారు, ఆయన ముందు, ఆవిడ వెనక. సిగ్నళ్ళ దగ్గర పక్కన ఆగినవాళ్ళు ఆయన్ను డ్రైవరు అనుకుంటున్నారని సూరిబాబు గారు మర్నాడు నా దగ్గర వాపోయారు.

మేస్త్రీ ఇంకో ఛాంబర్ చెయ్యడానికి పూనుకున్నాడు. "కూకుంది" అన్న మాట వెనక్కి తీసుకోవాల్సి రావడం ఆయనకు కొత్త. రేకు తెచ్చి, వెనక భాగం లోతుగా వంచి, పీల్చే గొట్టానికి వెనక కన్నం తొలిచాడు. అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఛాంబర్‌లో నీళ్ళు పోసి, ఒళ్ళో పెట్టుకుని, ఇటు వాల్చి అటు వాల్చి చూస్తున్నాడు. గొట్టం వెనకకు మారిస్తే కారు ముందుకు ఎక్కుతుంది, నిజమే. మరి దిగేటప్పుడు నీళ్ళు ముందుకు పోతున్నాయి. అప్పుడు వెనక్కి దిగాలి. దేవుడికి మొహం పెట్టి వెనక్కి నడిచి రావడం మంచి పద్ధతే కదా, మాణిక్యం గారు ఒప్పుకుంటారేమో అన్నాను. ఆయన నవ్వలేదు. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే గొట్టం సరిపోయే దారి ఉండాలన్నాడు. తర్వాత ముందు వైపు కూడా ఒక కన్నం తొలిచాడు. రెండు కన్నాలు పెట్టి, ఒకే పంపుకు ఎలా కలుపుతావని సూరిబాబు గారు అడిగారు. రెండింటిలో ఏది పైకి తేలినా గాలే పీలుస్తుంది కదా అని కూడా అన్నారు. మేస్త్రీ నీళ్ళను ఇంకోసారి అటూ ఇటూ వాల్చి చూసి, ఇంకా కూకోలేదు అన్నాడు. ఛాంబర్‌ను కాదు, ఆలోచనను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం భోజనం చేసి, అలవాటు ప్రకారం పాత టైరు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. టీ వేళకు మేరమ్మ లేపితే లేవలేదు. గూడ్సు వెళ్ళేదాకా ఆగి మళ్ళీ లేపానని ఆవిడ నాతో చెప్పింది.

సమాధుల తోట చదునైన నేల. కారు ముందుకే నడిచి వెళ్ళింది. సూరిబాబు గారు ఆ రోజు మొదటిసారి ఆయన్ను బావ అన్నారు, పెట్టె మీద మన్ను వేస్తూ, ఎవరికీ వినబడకుండా. పక్కన ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. జ్ఞాపకార్థ భోజనాల నాడు మేరమ్మ గరిటె పట్టుకున్నవాళ్ళను ఆపి చివరి వరస నుంచి మొదలుపెట్టించింది. ఫాదరు అడక్కుండానే వెళ్ళి ఆఖరి కుర్చీలో కూర్చున్నారు.

కిందటి వారం ఆవిడ నాకు ఫోను చేసింది. షెడ్డు పూర్ణా మార్కెట్టు వ్యాపారి ఎవరికో గోదాముగా అద్దెకిస్తోందట. గోడకు వేలాడుతున్న రేకు తొట్టె మీదేనా, పట్టుకెళ్తారేటి అని అడిగింది. సూరిబాబు గారూ నేనూ వెళ్ళి దింపుకున్నాం. రెండు కన్నాలూ అలాగే ఉన్నాయి, ఏదీ మూసి లేదు. గొట్టం విడిగా ఉంది, ఏ కన్నానికీ అతికించి లేదు. దారిలో ఇద్దరు మెకానిక్కులకు చూపించాం. ఒకాయన ముందుది మూసెయ్యమన్నాడు. ఇంకొకాయన వెనకది మూసెయ్యమని, అసలు రెండోది ఎందుకు తొలిచారని మమ్మల్నే అడిగాడు. సూరిబాబు గారు ఇద్దరికీ నమస్కారం పెట్టి వచ్చేశారు.

ఛాంబర్‌ను ఆయన డిక్కీలో పెట్టలేదు. నా పాత పేపర్లలో చుట్టి ముందు సీటు మీద, తన పక్కన పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది. సాయంత్రాలు వాళ్ళు భీమిలి వైపు వెళ్తూనే ఉన్నారు, ఆయన స్టీరింగు దగ్గర, మాణిక్యం గారు వెనక. అది అక్కడి నుంచి ఎప్పుడు దిగుతుందండీ అని ఆవిడ అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఏ కన్నం మూయాలో ఇంతవరకు తేలలేదు.